జీపీఎస్ వెస్టు, గుండె బెల్టు, రూళ్ల నోటుబుక్కు: ఫుట్‌బాల్ జట్టు ఏది ముందు కొనాలి

నల్గొండ, పాలమూరు వైపు ఫుట్‌బాల్ జట్లు నడిపేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నది జీపీఎస్ వెస్టు గురించే. గోల్ కొట్టినవాడు సంబరంలో జెర్సీ విప్పితే లోపల నల్లటి పొట్టి బనీను ఒకటి కనిపిస్తుంది. దాని వీపున ఒక అర, ఆ అరలో అగ్గిపెట్టె అంత పాడ్ ఉంటుంది. కొంటే గాయాలు తగ్గుతాయని అమ్మేవాళ్లు చెప్తారు. అసలు దాని పని సీజన్ పొడవునా ఆటగాళ్ల మీద పడే లోడ్‌ను కొలవడం. ఆ పని చేసే సాధనాలు ఇంకో రెండున్నాయి: ఛాతీకి కట్టే హార్ట్‌రేట్ బెల్టు, యాభై రూపాయల నోటుబుక్కు. ఈ రివ్యూలో మూడింటినీ ఒకే పరీక్షకు పెట్టాం. సీజన్ మొదట్లో ఇచ్చిన అంకెను ఆరు నెలల తర్వాత ఇచ్చే అంకెతో పక్కపక్కన పెట్టి చూడొచ్చా? చూసి మర్నాటి ప్రాక్టీసులో ఏమైనా మార్చొచ్చా?

తీర్పు ముందే చెప్తాం. నోటుబుక్కు ప్రతి జట్టుకూ తప్పనిసరి. బెల్టులు నాలుగైదు చాలు. వెస్టు మంచి సాధనమే, కానీ రాత్రి కూర్చుని అంకెలు చూసి పొద్దున ప్రాక్టీసు మార్చే మనిషి, ఆ మనిషి మాట వినే కోచ్ ఉన్న జట్టుకే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. మన రాష్ట్రం నుంచి ఆడి 2021–22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి దక్కన్ లాంటి ప్రొఫెషనల్ జట్లలో ఆ పనికే విడిగా మనిషిని పెట్టుకునే పద్ధతి ఉంటుంది. జిల్లాలో కోచే ట్రైనర్, కోచే మేనేజర్, నీళ్ల క్యాన్లు తెప్పించేదీ ఆయనే. సాధనం ఎంచుకునేటప్పుడు ఈ తేడా మర్చిపోకూడదు.

లోడ్‌లో రెండు భాగాలుంటాయి. ఆటగాడు చేసిన పని ఒకటి: ఎంత దూరం తిరిగాడు, అందులో వేగంగా ఎంత, ఎన్నిసార్లు ఒక్క ఉదుటున ఆగాడు. ఆ పనికి ఒళ్లు పడ్డ కష్టం రెండోది. ఒకే సెషన్‌లో ఇద్దరు చెరో ఆరు కిలోమీటర్లు తిరిగారనుకోండి. ఒకతను కంటినిండా నిద్రపోయి వచ్చాడు, ఇంకొకతను నెల కిందటే డెంగీ నుంచి లేచాడు. వెస్టు ఇద్దరికీ ఒకే దూరం చూపిస్తుంది. తేడా బయటపడేది రెండో భాగంలోనే, దాన్ని పట్టేది బెల్టు, నోటుబుక్కు. అందుకే నోటుబుక్కుతో మొదలుపెడుతున్నాం.

నోటుబుక్కు పద్ధతిని అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ స్థిరపరిచారు. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన సున్నా నుంచి పది స్కేలు దానికి ఆధారం. ప్రాక్టీసు అయ్యాక ఆటగాణ్ని ‘మొత్తం మీద ఎంత కష్టమైంది’ అని అడిగి, చెప్పిన అంకెను ప్రాక్టీసు జరిగిన నిమిషాలతో గుణించాలి. 75 నిమిషాల ప్రాక్టీసుకు 6 అంటే 450. ఇదే ఆ రోజు లోడ్. ఫ్రాంకో ఇంపెల్లిజేరి బృందం 2004లో యువ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద ఈ అంకెను హార్ట్‌రేట్ పద్ధతులతో పోల్చి, ఫుట్‌బాల్‌కు ఇది పనికొస్తుందని చూపించింది.

చెప్పుకోవడానికి ఇంతే, చెడిపోయేది అడిగే తీరులో. విజిల్ ఊదగానే అడిగితే చివరి పది నిమిషాల స్ప్రింట్లే మనసులో ఉంటాయి, అంకె పెరిగిపోతుంది. పావుగంట నుంచి అరగంట ఆగి, బూట్లు విప్పుకునే వేళ అడగాలి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగాలి. అందరినీ వరుసగా నిలబెట్టి అడిగితే కెప్టెన్ నాలుగు అన్నాక వెనకున్న పన్నెండు మందీ నాలుగే అంటారు. టీమ్ ఎంపిక చేసే కోచ్ స్వయంగా అడగకపోతే ఇంకా మేలు. ‘ఏడు అంటే ఎల్లుండి మ్యాచ్‌లో కూచోబెడతడేమో’ అన్న భయంతో పిల్లలు తగ్గించి చెప్తారు. ‘ఏం గాలేదు సార్, అల్కగనే ఉంది’ అంటూ పిక్క పట్టుకుని నడిచేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. ఫిజియో గానీ, అసిస్టెంట్ గానీ, ఆడని సీనియర్ అన్న గానీ అడిగితే నిజం వస్తుంది.

స్కేలును పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి చూపించాలి. 0 అంటే ఏమీ చేయలేదు. 2 అల్కగా ఉంది. 3 ఒక మోస్తరు. 5 కష్టంగా ఉంది. 7 మస్తు కష్టం, మాట్లాడాలంటే దమ్ము వస్తుంది. 10 అంటే ఇంతకు మించి వల్లకాదు, ఇప్పటిదాకా చేసినవాటిలో ఇదే అతి కష్టం. ఆ పదిని ఆటగాడికి ఒకసారి నిజంగా చూపించాలి. సీజన్ మొదటి వారంలో యోయో పరీక్ష (ఇరవై మీటర్లు పోయి వస్తూ, వేగం పెంచుకుంటూ ఉరికేది) చివరిదాకా పెట్టి, ఆగిపోయిన చోట ‘ఇదే నీ పది’ అని చెప్తే ఆ తర్వాత అంకెలు నిలకడగా వస్తాయి. మొదటి రెండు వారాల అంకెలను లెక్కలోకి తీసుకోకండి, అవి అలవాటు పడటానికే.

నిమిషాల విషయంలో కూడా ఒక నియమం పెట్టుకుని సీజనంతా దాన్నే పాటించాలి. ప్రాక్టీసుకైతే వార్మప్ మొదలైనప్పటి నుంచి ఆట ఆగేదాకా, మ్యాచ్‌కైతే ఆడిన నిమిషాలే లెక్కించండి. చివర్లో చేసే స్ట్రెచింగ్, మ్యాచ్‌లో హాఫ్‌టైమ్ కలపొద్దు. ఒకరోజు కలిపి ఒకరోజు వదిలేస్తే నెలాఖరుకు ఆ అంకెలతో ఏ పోలికా కుదరదు.

ఇక ఆ అంకెలు ఎక్కించే ఎక్సెల్ షీటు. వరుసకు ఒక ఆటగాడు, ఏడు గడులు ఏడు రోజులకు. ఆదివారం మ్యాచ్ ఆడిన మిడ్‌ఫీల్డర్ వారం ఇలా ఉందనుకుందాం: మ్యాచ్ 90 నిమిషాలు, 8 చెప్పాడు, 720. సోమవారం సెలవు, 0. మంగళవారం 240, బుధవారం 560, గురువారం 450, శుక్రవారం 240, మ్యాచ్ ముందు రోజు శనివారం 80. మొత్తం 2,290. రోజు సగటు 327. దీన్ని రోజుల మధ్య హెచ్చుతగ్గులు ఎంతో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌తో, ఇక్కడ 260తో, భాగిస్తే 1.26 వస్తుంది. దీన్ని ఫోస్టర్ మోనాటనీ అన్నారు, రోజులన్నీ ఒకే తీరుగా ఉన్నాయా అని చెప్పే అంకె ఇది. మొత్తం లోడ్‌ను దాంతో గుణిస్తే వచ్చేది స్ట్రెయిన్, ఇక్కడ దాదాపు 2,880.

ఇప్పుడు ఇంకో జట్టును చూడండి. అక్కడా వారం మొత్తం 2,290 మాత్రమే, ఒకరోజు సెలవు కూడా ఉంది. కానీ ఐదు రోజులు 380 చొప్పున, ఒకరోజు 390. అంటే రోజూ ఒకే మోతాదు. మోనాటనీ 2.27కు చేరింది, స్ట్రెయిన్ 5,190. చేసిన పని అంతే, కానీ కఠినమైన రోజు తర్వాత కోలుకునే తేలిక రోజు లేదు. మోనాటనీ 2 దాటితే ఆ వారం ప్లాన్ తిరగరాయాలని కోచ్‌లు ఒక గుర్తుగా పెట్టుకుంటారు. మన దగ్గర హాస్టల్ జట్లలో తరచూ కనిపించేది ఈ రెండో రకం వారమే. రోజూ పొద్దున ఆరింటికి అవే రౌండ్లు, అదే డ్రిల్లు, చివర్లో అదే మ్యాచ్.

ఈ షీటులో ఒక ఉచ్చు ఉంది. సెలవు రోజు గడిలో 0 కొట్టకుండా ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ ఆ రోజును లెక్కలోనే తీసుకోదు. పై రెండో వారంలో అలా చేస్తే సగటు 382 అవుతుంది, డీవియేషన్ 4కు పడిపోతుంది, మోనాటనీ ఏకంగా 93 దాటుతుంది. షీటులో వింత అంకె కనిపిస్తే ముందు చూడాల్సింది ఖాళీ గడులే. ప్రాక్టీసుకు రాని రోజుకు 0, వచ్చినా అడగడం మర్చిపోయిన రోజుకు అదే రకం సెషన్‌లో ఆ ఆటగాడి సగటు వేసి, ఆ గడికి పసుపు రంగు పెట్టండి. రెండూ ఒకటి కావు.

నోటుబుక్కుకే ఇంకో పేజీ కలపాలి. పొద్దున ప్రాక్టీసుకు ముందు ఐదు ప్రశ్నలు: నిద్ర, అలసట, కండరాల నొప్పి, మనసు ఎలా ఉంది, ఒత్తిడి. ఒక్కోదానికి 1 నుంచి 5, ఐదు అంటే బాగున్నట్టు. మొత్తం 25కు ఎంత వచ్చిందని చూడటం కంటే ఆ ఆటగాడి మామూలు అంకె నుంచి ఎంత జారిందో చూడటం ముఖ్యం. ఎప్పుడూ 20 చెప్పేవాడు 15 చెప్తే పిలిచి మాట్లాడాలి. ఎప్పుడూ 15 చెప్పేవాడు 15 చెప్తే కంగారు అక్కర్లేదు. జవాబు చూసి ఏమీ చేయకపోతే రెండు వారాల్లో పిల్లలు అన్నింటికీ 4 టిక్ పెట్టడం మొదలుపెడతారు. నొప్పి అన్నవాణ్ని ఒక్కసారైనా పక్కకు తీసి తేలిక పని ఇవ్వండి, మిగతావాళ్లు కూడా నిజం రాస్తారు.

బెల్టుకు వద్దాం. మార్కెట్లో బాగా నిలిచిన వాటిలో పోలార్ హెచ్10 ఒకటి. నాణెం లాంటి సీఆర్2025 బ్యాటరీ, కంపెనీ లెక్కలో 400 గంటలు. బ్లూటూత్, ఏఎన్‌టీ ప్లస్ అనే రెండు వైర్‌లెస్ పద్ధతులూ ఉన్నాయి. వాళ్ల యాప్‌తో మొదలుపెడితే ఒక సెషన్‌ను తనలోనే దాచుకుంటుంది కాబట్టి ఫోను గ్రౌండు అవతల ఉన్నా డేటా పోదు, ఫుట్‌బాల్‌కు ఇది పెద్ద సౌకర్యం. కట్టే ముందు లోపలి రబ్బరు పట్టీలను నీళ్లతో తడపాలి. పొడిగా కడితే మొదటి పది నిమిషాలు, చెమట పట్టేదాకా, అంకెలు ఎగిరెగిరి పడతాయి. ప్రాక్టీసు అయిన వెంటనే మధ్యలోని గుండీని పట్టీ నుంచి విడదీయాలి. తడి పట్టీకి తగిలించి బ్యాగులో పడేస్తే అది ఇంకా ఛాతీకే ఉందనుకుని నడుస్తూ ఉంటుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. పట్టీని రోజూ మంచినీళ్లలో జాడించండి. ఉప్పు పేరుకున్న పట్టీ సీజన్ మధ్యలోనే తప్పులు చెప్పడం మొదలుపెడుతుంది, దాన్ని చూసి ఆటగాడి గుండెను అనుమానిస్తారు.

గరిష్ఠ హార్ట్‌రేట్‌కు 220లోంచి వయసు తీసేసే లెక్క వద్దు. ఒకే వయసువాళ్ల మధ్య పది, పన్నెండు బీట్ల తేడా మామూలే. యోయో పరీక్ష చివర వచ్చిన అసలు అంకెనే వాడండి. ఆ తర్వాత 50–60 శాతంలో గడిపిన నిమిషాలకు 1, 60–70కి 2, 70–80కి 3, 80–90కి 4, 90 పైన 5 చొప్పున గుణించి కలిపితే ఆ రోజు లోడ్ వస్తుంది. దీన్ని ఎడ్వర్డ్స్ పద్ధతి అంటారు. ఐదారు సెకన్ల స్ప్రింట్లు దీనికి దొరకవు, ఎందుకంటే గుండె వేగం అందుకునేలోపే స్ప్రింట్ అయిపోతుంది. జిమ్‌లో బరువులెత్తిన రోజూ అంతే.

మన ప్రాంతంలో బెల్టును చదవడం ఒక నేర్పు. నల్గొండలో మే నెల పగలు 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చెమటతో నీళ్లు పోయి, చర్మం చల్లబడటానికి రక్తం అటు మళ్లి, అదే పరుగుకు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఏప్రిల్ అంకెను డిసెంబరు అంకె పక్కన పెట్టి ‘ఫిట్‌నెస్ పడిపోయింది’ అనడం పొరపాటు. అందుకే బెల్టులు నాలుగైదు చాలన్నాం: రోజూ అందరికీ కట్టే బదులు మూడు, నాలుగు వారాలకోసారి, ఒకే టైమింగ్‌లో, పొద్దున ఆరున్నరకు, యోయో లెవెల్ 1ను ఆరు నిమిషాలే నడిపి ఆపేయండి. ఇరవై మీటర్లు పోయి రావడం, పది సెకన్ల విరామం, మళ్లీ. ఆరో నిమిషం చివర హార్ట్‌రేట్ ఎంతుందో రాయండి. ఎవరూ అలిసిపోరు, వార్మప్‌లోనే అయిపోతుంది, బ్యాచుల వారీగా బెల్టులు మార్చుకోవచ్చు. సీజన్ నడిచేకొద్దీ ఆ అంకె తగ్గుతూ ఉంటే స్టామినా పెరుగుతున్నట్టు. ఒక్కసారిగా పెరిగితే జ్వరం వస్తోందా, నిద్ర లేదా, ఎండ ఎక్కువా అని ఒక్కొక్కటే చూడాలి.

ఎండాకాలంలో బెల్టు కంటే ముందు కొనాల్సింది తూకం మెషీన్. ప్రాక్టీసుకు ముందు, తర్వాత నిక్కర్లతో, చెమట తుడుచుకుని తూచాలి. 60 కిలోల పిల్లవాడు 1.2 కిలోలు తగ్గాడంటే 2 శాతం పోయినట్టు. అక్కడి నుంచి ఆట మందగిస్తుంది. తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు సాయంత్రం లోపు మెల్లగా తాగించాలి. మర్నాడు పొద్దున బరువు తిరిగి రాకపోతే ఆ రోజు లోడ్ తగ్గించండి.

ఇప్పుడు వెస్టు. ఆస్ట్రేలియాకు చెందిన క్యాటపల్ట్, ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన స్టాట్‌స్పోర్ట్స్ ఈ రంగంలో పెద్ద పేర్లు. పాడ్‌లో జీపీఎస్ చిప్‌తో పాటు కుదుపులు కొలిచే యాక్సిలరోమీటర్ కూడా ఉంటుంది. మొదట చూడాల్సింది సెకనుకు ఎన్నిసార్లు స్థానం నమోదు చేస్తుందని. ఫుట్‌బాల్‌కు పదిసార్లు, అంటే 10 హెర్ట్జ్ కంటే తక్కువది తీసుకోకండి. సెకనుకు ఒక్కసారి చూసే రన్నింగ్ వాచీ మారథాన్‌కు చాలు. అడ్డంగా నరికినట్టు మలుపులు తిరిగే వింగర్‌కు అది మూలలన్నీ కోసేసి దూరం తక్కువ చూపిస్తుంది.

మ్యాచ్‌లో గోల్‌కీపర్ కాని ఆటగాడు పది నుంచి పదమూడు కిలోమీటర్లు తిరుగుతాడు. ఆ మొత్తం దూరం పేపరుకు మంచి అంకె, కోచ్‌కు పనికొచ్చేవి వేరే. గంటకు 19.8 కి.మీ. దాటిన వేగంలో ఎంత దూరం, 25.2 దాటి ఎంత, గరిష్ఠ వేగం ఎంత, ఎన్నిసార్లు గట్టిగా ఆగాడు. ఈ హద్దులు ఎలైట్ పురుషుల ఆట చూసి పెట్టినవి. అమ్మాయిల జట్టుకు, అండర్–17కు అవే పెడితే స్ప్రింట్ గడి ఎప్పుడూ సున్నాయే. అలాంటి చోట ఒక్కొక్కరి సొంత గరిష్ఠ వేగంలో 80 శాతం, 90 శాతం హద్దులుగా పెట్టుకోవాలి.

వెస్టుకు పెట్టిన ఖర్చు నిజంగా తిరిగొచ్చేది ఒక్కచోట: పూర్తి వేగపు స్ప్రింట్లు ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అన్నది బయటపెట్టడంలో. తొడ వెనక కండరం పట్టేయడం ఫుట్‌బాల్‌లో అతి మామూలు గాయం, అది ఎక్కువగా పూర్తి వేగం మీదున్నప్పుడే జరుగుతుంది. జిల్లాలో ప్రాక్టీసు చాలావరకు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు దీర్ఘచతురస్రాల్లో నలుగురు నలుగురు ఆడే ఆటలే. దమ్ము పోతుంది, హార్ట్‌రేట్ 90 శాతం చేరుతుంది, ఆటగాడు 8 చెప్తాడు. కానీ అంత చిన్న చోట ఎవరూ తమ వేగంలో 90 శాతం అందుకోలేరు. అలా మూడు వారాలు గడిచాక మ్యాచ్‌లో పొడవాటి బంతి వెనక ఒక్కసారిగా ఉరికితే ఆ కండరానికి అది కొత్త పని. నోటుబుక్కు, బెల్టు ఈ లోటును చూపించలేవు, వెస్టు మొదటి వారంలోనే చూపిస్తుంది. మందు కూడా చవకే: మ్యాచ్‌కు మూడు, నాలుగు రోజుల ముందు, పూర్తి వార్మప్ తర్వాత, 30–40 మీటర్ల పరుగులు నాలుగు నుంచి ఆరు, మధ్యలో రెండు నిమిషాలు నడక.

వెస్టు లేని జట్టు కూడా గరిష్ఠ వేగం కొలుచుకోవచ్చు. ముప్పై మీటర్లు వేగం అందుకోవడానికి వదిలి, ఆ తర్వాత పది మీటర్ల ఎడంలో రెండు కోన్లు పెట్టండి. ఫోనును స్టాండు మీద, పక్క నుంచి రెండూ కనిపించేలా దూరంగా నిలిపి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయండి. నడుము మొదటి కోను దాటిన ఫ్రేము నుంచి రెండోది దాటిన ఫ్రేము వరకు 288 వచ్చిందంటే 1.2 సెకన్లు, అంటే గంటకు 30 కి.మీ. నెలకోసారి ఇది చేస్తే చాలు.

వెస్టులో చెడిపోయేవి చాలావరకు వాడకంలోనే. పాడ్‌ను ప్రాక్టీసుకు పది, పదిహేను నిమిషాల ముందే ఆన్ చేసి ఆకాశం కనిపించేచోట నేలమీద పెట్టాలి. డ్రెస్సింగ్ రూములో ఆన్ చేసి నేరుగా ఆటలోకి దిగితే ఉపగ్రహాలు దొరికేదాకా మొదటి నిమిషాల దూరం గాలిలెక్కే. గ్యాలరీ గోడ పక్కన, వేపచెట్ల వరుస కింద కూడా సిగ్నల్ తెగుతుంది. నల్గొండ మేకల అభినవ్ స్టేడియంలో గానీ, ఏ కాలేజీ గ్రౌండులో గానీ రోజూ ఒకే సగం వాడేవాళ్లు ఆ మూలలో అంకెలు తేడాగా ఉన్నాయేమో మొదటి వారమే చూసుకోవాలి. వెస్టు బిగుతుగా ఉండాలి. వదులైతే పాడ్ వీపుమీద దబదబా కొట్టుకుని యాక్సిలరోమీటర్ దాన్నే లోడ్ అనుకుంటుంది. పెరిగే పిల్లలకు రెండు సైజులు పెద్దవి కొనడం మన అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. ఒక ఆటగాడికి సీజనంతా ఒకే నంబరు పాడ్ ఇవ్వండి, రెండు పాడ్‌ల మధ్య చిన్న తేడాలుంటాయి. ఉతికేటప్పుడు పాడ్ తీయడం మర్చిపోవద్దు. వెస్టును నీడలో ఆరేయాలి.

సెషన్ కత్తిరించడం అన్నింటికంటే ముఖ్యం. పాడ్ ఆపకుండా బండి మీద ఇంటికి పోతే ఆ రోజు గరిష్ఠ వేగం గంటకు 50 కి.మీ. అని నమోదవుతుంది, ఆ తర్వాత ‘సొంత గరిష్ఠ వేగంలో 90 శాతం’ అనే లెక్కలన్నీ పాడవుతాయి. జిల్లా స్థాయి ఆటగాడికి గంటకు 36 కి.మీ. దాటిన అంకె కనిపిస్తే ముందు సిగ్నల్‌నే అనుమానించండి. సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగితే విరామం వచ్చేదాకా ఆగండి. లెక్కించే సూత్రం మారితే పాత అంకెలు, కొత్త అంకెలు కలవవు. ఒక కంపెనీ అంకెలను ఇంకో కంపెనీ అంకెలతో ఎప్పుడూ పోల్చకండి. మ్యాచ్‌లో తొడగాలంటే నిబంధనల్లో నాలుగోదాని ప్రకారం పరికరానికి ఫిఫా గుర్తింపు ఉండాలి. పోటీ నిర్వాహకులను, రిఫరీని ముందే అడిగి పెట్టుకోండి, కిక్కాఫ్ ముందు విప్పించే పరిస్థితి రానివ్వొద్దు.

వెస్టుకు తెలియనిది ఒకటుంది, నేల. ఎండిన ఎర్రమట్టి గ్రౌండు మీద ఐదు కిలోమీటర్లు, పచ్చిక మీద ఐదు కిలోమీటర్లు దాని దూరం లెక్కలో సమానం. ముంగాలి ఎముకకు, మడమకు సమానం కాదు. గట్టి నేల మీద ఆడిన రోజును షీటులో ఒక గుర్తుతో వేరుచేసి, అలాంటి రోజులు వరుసగా మూడు రాకుండా చూసుకోవాలి.

మూడింటిలో ఏది వాడినా సీజన్‌ను చదివే తీరు ఒకటే. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ జట్టు ఒకదాన్ని సీజన్ పొడవునా కొలిచి 2015లో ప్రచురించిన పరిశీలనలో, నెలల మధ్య లోడ్‌లో పెద్ద తేడాలు కనిపించలేదు. స్పష్టంగా తగ్గింది మ్యాచ్ ముందు రోజే. వారానికో మ్యాచ్ ఖాయంగా ఉండే జట్టుకు ఆ వరస కుదురుతుంది. మన జిల్లాల్లో నెలరోజులు మ్యాచే ఉండదు, ఆ తర్వాత నాకౌట్ టోర్నమెంటులో నాలుగు రోజుల్లో నాలుగు. కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సులో పోయి దిగిన పూటే ఆడాలి. ఇలాంటి చోట టోర్నమెంటుకు రెండు, మూడు వారాల ముందే ఒక వారంలో వరుసగా రెండు రోజులు మ్యాచ్ స్థాయి లోడ్ ఇచ్చి, చివరి వారంలో మొత్తాన్ని సగానికి దగ్గరగా తగ్గించాలి. వేగం మాత్రం తగ్గించొద్దు, నిమిషాలే తగ్గించండి.

ఎక్కువ ప్రమాదం సెలవుల తర్వాత. దసరాకు ఊళ్లకు పోయిన పిల్లలు పది, పన్నెండు రోజులు బంతి ముట్టరు. తిరిగొచ్చిన సోమవారమే పాత మోతాదు మొదలుపెడితే తొడ కండరాలు, గజ్జలు పట్టేస్తాయి. మొదటి వారం సెలవుకు ముందున్న లోడ్‌లో సగం, రెండో వారం ముప్పావు, మూడో వారం పూర్తిగా ఇవ్వండి. రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్లకు ఎండలో కఠినమైన సెషన్ పెట్టొద్దు. లైట్లు లేని గ్రౌండులో ఇఫ్తార్‌కు సరిగ్గా ముందు ముగిసేలా 40 నిమిషాల తేలిక పని, లైట్లుంటే నమాజు వేళలు అడిగి తెలుసుకుని రాత్రి సెషన్. ఆ నెలలో అదే పనికి ఒకటో, రెండో అంకెలు ఎక్కువ చెప్తే అది నిజమే అనుకుని లోడ్ తగ్గించాలి.

ఈ వారం లోడ్‌ను ఈ వారంతో కలిపి నాలుగు వారాల సగటుతో భాగించి, 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే క్షేమం అని చెప్పే లెక్క ఒకటి యాప్‌లన్నింటిలోనూ రంగులతో కనిపిస్తుంది. ఆస్ట్రేలియా పరిశోధకుడు టిమ్ గాబెట్ 2016లో ప్రచారంలోకి తెచ్చారు. దాని గణితం మీద గట్టి విమర్శలున్నాయి. పైనా కిందా ఇదే వారం లెక్కలో ఉండటం అందులో ఒకటి. ఎరుపు రంగు వచ్చిందని ఆటగాణ్ని కూచోబెట్టడం, ఆకుపచ్చ ఉందని నొప్పి అన్నవాణ్ని దింపడం రెండూ తప్పే. ‘ఈ వారం మరీ పెంచేశామా’ అని వెనక్కి తిరిగి చూసుకోవడానికే దాన్ని వాడండి.

ఇక బెంచీ మీదివాళ్లు. మ్యాచ్ ఆడినవాడికి ఆదివారం 720 వస్తే, చివరి పది నిమిషాలు దిగినవాడికి 30. నెలలో నాలుగు మ్యాచ్‌లు ఇలా జరిగితే ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నా వేర్వేరు సీజన్లు ఆడుతున్నట్టే. మొదటి పదకొండు మందిలో ఒకరికి దెబ్బ తగిలి ఇతను పూర్తి మ్యాచ్ ఆడాల్సి వస్తే, రెండో దెబ్బ ఇతనికే తగులుతుంది. మ్యాచ్ ముగిసిన వెంటనే, గ్రౌండు ఖాళీ చేయకముందే, వీళ్లకు 20 నిమిషాలు పెట్టండి: 60 మీటర్ల పరుగులు ఆరు, ఆ తర్వాత నలుగురు నలుగురుగా పెద్ద చోట ఆట.

వెస్టు కొనాలనే నిర్ణయానికి వస్తే డబ్బు కట్టేముందు కొన్ని అడగాలి. ధర పాడ్‌కా, ఏటా కట్టే చందాకా? చందా ఆపితే పాత సీజన్ డేటా చేతికొస్తుందా, ఎక్సెల్ ఫైలుగా దించుకోవచ్చా? ఇంటర్నెట్ లేని గ్రౌండులో పాడ్ నుంచి డేటా దిగుతుందా? పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డేటా ఎవరి పేరు మీద ఉంటుంది, తల్లిదండ్రుల సంతకం ఎవరు తీసుకుంటారు? ఇరవై కొనే బదులు ఎనిమిది కొని వింగర్లకు, ఫుల్‌బ్యాకులకు, గాయం నుంచి తిరిగొచ్చేవాళ్లకు తొడిగితే పని జరుగుతుంది, వాళ్లు ఎనిమిది అమ్ముతారా? రెండో ఏడు బ్యాటరీ నిలవకపోతే బాగుచేసేది ఎక్కడ, ఎన్ని రోజులు పడుతుంది, అంతదాకా వాడుకోవడానికి ఇంకో పాడ్ ఇస్తారా? ఈ చివరిదానికి జవాబు కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.